దణ్ణం పెట్టిన రెక్కలు

తాతబ్బాయి మేస్త్రిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పడు. అడిగినవాడిని కూర్చోమంటాడు, చేతిలో బాడిసె పక్కన పెడతాడు, చుట్ట వెలిగిస్తాడు. ఆ చుట్ట సగమయ్యేదాకా ఓపిక పట్టలేనివాడికి జవాబు అక్కర్లేదని ఆయన లెక్క. తాళ్లరేవు పక్కన ఏటి ఒడ్డున ఆయన దగ్గర పడవలు కట్టడం నేర్చుకున్నవాళ్లంతా ఆ చుట్ట కంపు భరించినవాళ్లే. వాళ్లలో సింహాద్రి ఒకడు. ఈ సంగతి నాకు చెప్పింది అతనే. ఇది వినకూడని మనిషి ఒకావిడ మా మధ్యే ఉండేది. నిరుడు ఆవిడ పోయింది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను, లేకపోతే నా నోట వచ్చేది కాదు.

సింహాద్రి పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒకనాడు, సాయంత్రం సముద్రం పోటెత్తే వేళకు నీళ్లలోకి దింపాల్సిన పడవ ఒకటుంది. తెరచాప పడవే. గాలి మొహం చాటేసినప్పుడు ఒడ్డుకు చేర్చడానికి అడుగున చిన్న ఇంజను పెట్టారు. ఆ ఇంజనుకు ఫ్యాను, అంటే నీళ్లలో తిరుగుతూ పడవను ముందుకు తోసే ఇత్తడి రెక్కలు, ఇంకా బిగించలేదు. యజమాని రెండు రకాలు పంపి, ఏది మంచిదో మీరే చూసుకోండన్నాడు. ఒకదానికి మూడు రెక్కలు, అవి ఎప్పుడూ విచ్చుకునే ఉంటాయి. రెండోదానికి రెండే రెక్కలు. ఇంజను తిరిగితే విచ్చుకుంటాయి, ఆపి చాప మీద పోతుంటే ముడుచుకుంటాయి. ఆ పడవను నడిపే సరంగుగా వెళ్లేది సింహాద్రి సొంత అన్న. అందుకని అతను ఊరికే అడగలేదు, లోపల బెంగ పెట్టుకుని అడిగాడు.

“మేస్త్రిగారూ, మూడు రెక్కలది పెడితే చాప ఎత్తి పోతున్నంతసేపూ నీళ్లను పట్టుకుని లాగుతుందండి. నడుముకి బొక్కెన కట్టుకుని ఈదినట్టుంటుంది. అసలు ఇంజను వేసేది ఎన్నిసార్లండి? ఎప్పుడో వచ్చే అవసరం కోసం రోజూ ఈ బరువు ఈడ్చుకుపోవడం ఎందుకండి? ముడుచుకునేది బిగిస్తే అన్నయ్య హాయిగా పోతాడు. మీరేమంటారు?”

మేస్త్రి చుట్ట వెలిగించాడు. చాలాసేపు రెండు ఫ్యాన్లనీ చూశాడు. తరవాత పనిముట్ల పెట్టె అడుగున చెయ్యి పెట్టి జానెడు దారం ముక్క తీసి ఆ రెండింటి మధ్య పెట్టాడు. వల అల్లే నైలాను దారం. రంగు వెలిసిపోయింది గానీ ముడి సందున ఇంకా కాస్త పసుపు కనబడుతోంది.

“నూకరత్నం కొడుకు లోవరాజని ఉండేవాడు. విన్నావా?”

“ఆయ్, విన్నానండి. ఏటి మొగ దగ్గర మునిగి పోయాడంటారు. నాకప్పటికి ఊహ తెలీదు.”

“వాడి పడవ కూడా మనం కట్టిందే,” అని మేస్త్రి చెప్పుకొచ్చాడు.

లోవరాజు ఆ ముడుచుకునే ఫ్యానును ఎక్కడో విశాఖపట్నంలో సంపాదించి తెచ్చాడు. ఈ పక్క అలాంటిది అంతకుముందు ఎవరూ ఎరగరు. ఇక్కడ పడవ దింపే రోజున ఒక ఆచారం ఉంది. సరంగు తల్లి ఫ్యానుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, రెక్కలకు పసుపు దారం కడుతుంది. భర్త లేకపోయినా సరే, తల్లి చేతికి అడ్డు లేదు. కట్టిన దారాన్ని మళ్లీ మనిషి చేత్తో విప్పకూడదు, సముద్రమే తీసుకోవాలి. మామూలు నూలు దారమే కాబట్టి ఉప్పునీళ్లలో నాని తనంతట తనే పోయేది. కానీ నూకరత్నం మొగుణ్ణి సముద్రానికి పోగొట్టుకున్న మనిషి. ఉన్నది ఒక్క కొడుకు. నూలు మీద ఆవిడకు నమ్మకం కుదరలేదు. వల దారానికి పసుపు పట్టించి తెచ్చింది.

పడవ ఇంకా గట్టు మీదే ఉంది. రెండు రెక్కలూ ముడుచుకుని, అరచేతులు జోడించినట్టున్నాయి. “చూశావా తమ్ముడూ, దణ్ణం పెడుతోంది,” అని మేస్త్రికి చూపించి మురిసిపోయింది. ఆ జోడించిన చేతుల చుట్టూ దారం చుట్టి చుట్టి ముడేసింది. చుట్టూ ఉన్నవాళ్లంతా పడవలతో తలలు పండినవాళ్లే. అందరికీ ముచ్చటేసింది. అందరూ దణ్ణం పెట్టుకున్నారు గానీ, ఇంత బుర్రలుండీ ఒక్కడికీ ఏమీ తట్టలేదు.

ఇంజను పలుకుతోందో లేదో గట్టు మీదే, గేరు వెయ్యకుండా ఒకసారి మోగించి చూశారు. పలికింది, ఇంకేం చూస్తారు. పడవ దింపగానే మంచి గాలి దొరికింది. చాప ఎత్తి, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి ఒక చుట్టు తిరిగొస్తామని లోవరాజు, ఇంకో ఇద్దరూ వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు సరిగ్గా మొగ దగ్గర గాలి పడిపోయింది. కెరటాలు పడవను ఇసుక మేట మీదకు నెడుతున్నాయి. ఒడ్డున జనం లేచి నిలబడ్డారు. అంతలో ఇంజను మోత వినబడింది.

“ఇంకేం, వచ్చేస్తాడు,” అంది నూకరత్నం.

ఇంజను మోగుతూనే ఉంది. పడవ మాత్రం ముందుకు రాలేదు, మేట వైపే జరుగుతూ పోయింది. అడుగు తగిలి ఒరిగింది. తరవాతి కెరటం బోర్లా వేసింది. అప్పుడు ఆగింది మోత. ముగ్గురిలో ఒక్కడి శవం దొరికింది, అది లోవరాజుది కాదు.

మర్నాడు పాటు వేళ నీళ్లు తగ్గి పడవ మేట మీద బయటపడింది. అందరికంటే ముందు మేస్త్రి వెళ్లాడు. గేరు విరిగిందో, ఇరుసు ఊడిందో చూద్దామని వెళ్లాడు. ఏదీ కాలేదు. రెక్కలు దణ్ణం పెట్టుకునే ఉన్నాయి. దారానికి వేసిన ముడి వేసినట్టే ఉంది.

వెనక నుంచి నూకరత్నం ఇసుకలో పడుతూ లేస్తూ వస్తోంది. మేస్త్రి మొలలోంచి కత్తి తీసి దారం కోసేశాడు. ముక్క రొంటిన దోపుకుని, రెక్కలు విడదీసి, పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆవిడ వచ్చి రెక్కలు తడిమింది. ఈ పక్క తడిమి, ఆ పక్క తడిమి, అక్కడే కూలబడిపోయింది.

“దారం ఊడిపోయింది తమ్ముడూ. నేనే గట్టిగా కట్టలేదు.”

మేస్త్రి రొంటిన ఉన్న ముక్క బయటికి తియ్యలేదు. అది జాలో పిరికితనమో తేల్చడం నా వల్ల కాలేదు, తేల్చగలిగినవాళ్లు నాకూ చెప్పండి. అప్పటినుంచి ఆవిడ ఎవరి పడవ దింపినా దారం పట్టుకుని వచ్చేది. వల దారమే, రెండు పేటలు వేసి ముడి మీద ముడి వేసేది. బిడ్డను పోగొట్టుకున్న చెయ్యి కొత్త పడవ మీద పడకూడదని కొందరు గొణిగారు. ఆవిడ కట్టకుండా నా దగ్గర పడవ కదలదు, ఇష్టం లేనివాళ్లు వేరేచోట కట్టించుకోండి అన్నాడు మేస్త్రి. కొందరు అలాగే పోయారు కూడా.

సింహాద్రి ఇదంతా విన్నాడు. అయినా అతను పట్టు వదిలే రకం కాదు. “మేస్త్రిగారూ, ఇందులో ఫ్యాను తప్పేముందండి? దారం కట్టొద్దని ఆవిడకి చెబితే సరిపోతుంది కదండి,” అన్నాడు.

“ఎవరు చెబుతారు?”

ఏటి గట్టు వెంట నూకరత్నం రానే వస్తోంది. నడుం వంగిపోయింది. ఒక చేతిలో పసుపు గిన్నె, రెండో చేతిలో దారపు ఉండ. పడవ ఎవరిదో ఆవిడకు తెలుసు. దూరం నుంచే సింహాద్రిని చూసి, “మీ అన్నకి గట్టిగా కడతాన్రా అయ్యా, భయపడకు,” అంది.

మేస్త్రి దారం ముక్కను పెట్టె అడుక్కి తోసి మూత వేశాడు. చుట్ట ఎప్పుడో ఆరిపోయింది.

“విచ్చుకుని ఉండేదే బిగించు,” అన్నాడు మెల్లిగా. “ఆవిడ ఎంత గట్టిగానైనా కట్టుకోనీ.”