పైడిరత్నమ్మ కార్డులు, ఇరవై ఆరు ప్రింటర్లు

ఈ కథ నమ్మలేనివాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తిన చెయ్యి కథ అయ్యేదాకా దించకూడదు, అదే షరతు. ఇంతవరకూ నా ముందు చెయ్యెత్తినవాళ్లంతా సగంలోనే దించేసుకున్నారు. ఆఖర్లో అదే చేత్తో నాకు టీ తెచ్చిచ్చారు.

నా పేరు గున్నయ్య. గుండ్లవరం ఇంజనీరింగ్ కాలేజీలో ముప్పై ఒక్క సంవత్సరాలు గంట కొట్టినవాణ్ణి. నేను మొదటి గంట కొడితే పక్క ఊరి కోళ్లు కూడా లేచి క్లాసుకి బయలుదేరేవి. అన్నేళ్లలో నా గంట ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. కాబోయింది ఒక్కసారే. ఆ ఒక్కసారి సంగతే ఇది.

ఆ కాలేజీలో అప్పలసూరి అనే కంప్యూటర్ల అధికారి ఉండేవాడు, మేమంతా సూరిబాబు అనేవాళ్లం. అతని చేతికి లొంగని యంత్రం లేదు గాని, చేసిన పనిని రాసిపెట్టే ఓపిక మాత్రం అతనికి ఉండేది కాదు.

సూరిబాబు పనితనాన్ని తక్కువ చేసి చెబితే నా నోరు ఊరుకోదు. మూడు బ్లాకుల్లో కలిపి ఇరవై ఆరు ప్రింటర్లు ఉండేవి. మేడమీద ఒకటి మూలిగితే, కింద టీ తాగుతూనే "అది నాలుగో గదిది, రోలరు అరిగింది" అనేవాడు. వెళ్లి చూస్తే రోలరు అరిగే ఉండేది. ఒకసారి పిడుగు పడి ఒక ప్రింటరు చచ్చి పడుంటే, దాని వీపు మీద చెయ్యి వేసి "ఊఁ, లే" అన్నాడు. అది లేచింది. లేచి ఊరుకోలేదు, పిడుగు పడినప్పుడు సగంలో ఆపిన కాగితాన్ని కూడా పూర్తిచేసి ఇచ్చింది.

ఈ ఇరవై ఆరింటినీ ఒక్క చోటి నుంచి నడపడానికి కాలేజీవాళ్లు ఒక సాఫ్ట్‌వేర్ పెట్టించారు. అందులో ఒక్కో ప్రింటరుకి ఒక్కో వరుస ఉండేది. దాని పేరు, అది ఉన్న గది, దానికిచ్చిన చిరునామా అంకె, ఎప్పుడు బాగుచేశారన్న వివరం, అన్నీ ఆ వరుసలో ఉండేవి. మనం కంప్యూటర్లో ఒక ప్రింటరు పేరు నొక్కితే, సాఫ్ట్‌వేర్ ఆ వరుస చూసి ఆ అంకెకి కాగితాన్ని పంపేది. వరుసలో ఏముంటే దానికి అదే నిజం. పాపం, అది లేచి వెళ్లి గదుల్లోకి తొంగిచూడలేదు కదా.

ఆ వరుసలు దిద్దే పాస్‌వర్డు సూరిబాబు ఒక్కడి దగ్గరే ఉండేది. అతను దిద్ది నాలుగేళ్లయింది. పాత ఇనప సామాన్లవాడు పట్టుకుపోయిన ప్రింటర్లు మూడు ఆ లిస్టులో ఇంకా ఉద్యోగం చేస్తూనే ఉన్నాయి.

"రాయడం ఎందుకండీ? అంతా ఇక్కడుంది" అని అతను నుదురు తట్టి చూపించేవాడు. నిజమే, ఉండేది. అదే అసలు చిక్కు.

ఆ ఏడాదే పైడిరత్నమ్మని లైబ్రరీ నుంచి కంప్యూటర్ల విభాగానికి మార్చారు. ఇరవై రెండేళ్లు పుస్తకాల మధ్య బతికిన మనిషి. ఆమెకి ఒక పద్ధతి ఉండేది. పుస్తకాన్ని ఒక బీరువాలోంచి ఇంకో బీరువాలోకి మార్చాలంటే, ముందు దాని కార్డు తీసి దిద్దేది. ఆ తర్వాతే పుస్తకాన్ని ముట్టుకునేది. ఆమె హయాంలో చెదపురుగు ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి కాపురం మార్చినా కార్డు మీద కనిపించేదని అందరూ చెప్పుకునేవారు. అందరూ అంటే, ముందు నేను చెప్పేవాణ్ణి, తర్వాత అందరూ చెప్పుకునేవారు.

దసరా వచ్చింది. మా కాలేజీలో ఆయుధపూజ అంటే మాటలు కాదు. గదుల్లో ఉన్న ప్రింటర్లన్నీ సెమినార్ హాల్లోకి తరలివచ్చేవి. తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేసి, ఒక్కోదాని ముందు ఒక్కో నిమ్మకాయ పెట్టేవాళ్లం. వరుసగా నిలబెడితే పెళ్లిపీటల మీద ఇరవై ఆరుగురు పెళ్లికొడుకులు కూర్చున్నట్టు ఉండేది. ఆ ఏడు కొత్తగా వచ్చిన ఒక ప్రింటరుతో కలిపే ఈ ఇరవై ఆరు.

హారతి అయ్యింది. ప్రసాదం తిన్నారు. బస్సుల వేళయింది. అందరూ దొరికిన ప్రింటరుని దొరికిన గదిలో పెట్టెయ్యడానికి సిద్ధమయ్యారు. సూరిబాబు హాలు మధ్యలో నిలబడి సేనాధిపతిలా చెయ్యి చూపిస్తూ ఒక్కోదాన్ని ఒక్కో చోటికి పంపించాడు. పరీక్షల గదిలో ఉండే పెద్ద ప్రింటరుని లైబ్రరీలో పిల్లలు చదువుకునే హాలుకి పంపాడు. కొత్తదాన్ని పరీక్షల గదికి ఇచ్చాడు. ఆలోచన మంచిదే. కొత్తదానికి వేగం ఎక్కువ, పరీక్షలకి అదే కావాలి.

పైడిరత్నమ్మ గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. బయటికి వెళ్లే ప్రతి ప్రింటరునీ ఆపి, ప్లగ్గు పెట్టించి, దాని తెర మీద కనిపించే చిరునామా అంకె చూసి, ఏ గదికి వెళ్తోందో అడిగి, ఒక్కో కార్డు మీద రాసుకుంది. కొత్తదానికి కొత్త కార్డు వేసింది.

"ఏటండీ రత్నమ్మగారూ, ప్రింటర్లకి జనాభా లెక్కలా?" అన్నాడు సూరిబాబు.

"చోటు మారింది కదా సూరిబాబూ. రాత కూడా మారాలి. ఆ పాస్‌వర్డు ఇస్తే ఇప్పుడే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేస్తాను."

"సెలవులయ్యాక నేనే ఎక్కిస్తాలెండి. ఈలోగా మరిచిపోతాననుకుంటున్నారా? నాకు ఒకటో క్లాసులో పక్కన కూర్చున్నవాడి పలక రంగు కూడా గుర్తుంది."

"మీకు గుర్తుంటుంది. మీరు లేనినాడు ఎవరికి గుర్తుంటుంది?"

"నేను ఎక్కడికి పోతాను?" అని నవ్వాడు సూరిబాబు.

సెలవులు అయ్యాయి. పరీక్షలు వచ్చాయి. ఈ పరీక్షల సంగతి మీకు చెప్పాలి. అంతకుముందు పదేళ్లపాటు మా పిల్లలు పరీక్ష రాయడానికి నలభై కిలోమీటర్ల దూరంలోని ఇంకో కాలేజీకి వెళ్లేవారు. ఆ పదేళ్లూ ప్రిన్సిపాల్ జోగారావు గారు యూనివర్సిటీ చుట్టూ తిరిగి తిరిగి, ఆ ఏడే మాకు సొంత సెంటరు తెచ్చారు. అదే మొదటి పరీక్ష. ప్రశ్నపత్రం తొమ్మిదింటికి కంప్యూటర్లోకి వస్తుంది. తాళం వేసిన పరీక్షల గదిలోనే, కెమెరా ముందే ప్రింటు తియ్యాలి. తొమ్మిదిన్నరకి నేను గంట కొట్టాలి. ఒక్క కాగితం ముందుగా ఎవరి కంటబడినా సెంటరు రద్దు. రెండు వందల నలభై మంది పిల్లలు మళ్లీ బస్సులు పట్టుకోవాల్సిందే.

ఆ రోజు సూరిబాబు సెలవు పెట్టాడు. అరకులో మరదలి పెళ్లి. పొద్దున్నే రైలెక్కాడు.

తొమ్మిదయ్యింది. పరీక్షల గదిలో నలుగురమే ఉన్నాం. ప్రిన్సిపాల్ గారు, యూనివర్సిటీ నుంచి వచ్చిన పరిశీలకుడు, పైడిరత్నమ్మ, గంట సుత్తి పట్టుకుని నేను. ప్రశ్నపత్రం తెరుచుకుంది. ప్రిన్సిపాల్ గారు లిస్టు చూశారు. 'పరీక్షలు ఒకటి, పరీక్షల గది' అని ఉంది. రెండు వందల నలభై అని కొట్టి, నొక్కడానికి వేలు ఎత్తారు.

"ఆగండి సార్" అంది పైడిరత్నమ్మ.

ఆ మాట గట్టిగా కూడా అనలేదు. కాని ప్రిన్సిపాల్ గారి వేలు గాలిలోనే ఆగిపోయింది. గోడ మీది గడియారం కూడా ఒక క్షణం ఆగింది. నేను నా కళ్లతో చూశాను.

"ఏమ్మా?"

"ఆ పేరున్న ప్రింటరు ఈ గదిలో లేదండీ. లైబ్రరీలో ఉంది."

"లిస్టులో ఇక్కడే ఉందని రాసి ఉంది కదా?"

"లిస్టు దసరాకి ముందుదండీ. నా కార్డు దసరా నాటిది."

పరిశీలకుడు కళ్లజోడు సవరించుకున్నాడు. "కార్డే తప్పేమో. ఏది నమ్మమంటారు?"

"నన్ను నమ్మొద్దు సార్" అంది ఆమె. "ఒక కాగితం మీద 'శ్రీరామ' అని మాత్రం కొట్టి పంపండి. ఎక్కడ బయటికొస్తే ప్రింటరు అక్కడుంది."

పంపారు. మా ఎదురుగా ఉన్న ప్రింటరు కిక్కురుమనలేదు. నేను లైబ్రరీకి పరుగెత్తాను. రెండు అంతస్తులు, రెండు వందల గజాలు. నేను వెళ్లిన వేగానికి మెట్లు నా వెనకాల వచ్చాయి. హాల్లో అరవై మంది పిల్లలు ఆఖరి చదువులు చదువుతున్నారు. ప్రింటరు పక్కన కూర్చున్న కుర్రవాడు ఒక కాగితం పట్టుకుని తెల్లబోయి చూస్తున్నాడు.

"బాబాయ్, ఎవరూ ముట్టుకోకుండానే ఇది శ్రీరామ రాసింది" అన్నాడు.

"మంచి పిల్లలు చదువుకునే చోట అలాగే రాస్తుందిరా" అని చెప్పి, ఆ కాగితం తీసుకుని, ప్రింటరు ప్లగ్గు పీకేసి, వెనక్కి పరుగెత్తాను.

నా మాట విని ప్రిన్సిపాల్ గారు కుర్చీలో కూలబడ్డారు. ఆ వేలు ఒక్క అంగుళం దిగి ఉంటే, అరవై మంది పిల్లల ఒళ్లో ప్రశ్నపత్రం పడేది.

అప్పటికి తొమ్మిదీ ఎనిమిది. గదిలో ఉన్న కొత్త ప్రింటరుకి లిస్టులో వరుసే లేదు. వరుస లేనిదానికి సాఫ్ట్‌వేర్ కాగితం పంపదు. లైబ్రరీలోదాన్ని మోసుకొద్దామంటే నలుగురు మనుషులు, అరగంట కావాలి. పైడిరత్నమ్మ ఫోన్ తీసి, గదిలో అందరికీ వినిపించేలా పెట్టి, సూరిబాబుకి చేసింది. మోగింది. ఎత్తాడు.

"సూరిబాబూ, కొత్త ప్రింటరు లిస్టులో లేదు."

"లేదా? ఎక్కించాననే అనుకున్నా..." అంతే. రైలు సొరంగంలో దూరింది. అరకు దారిలో సొరంగాలు తెలుసు కదా. ఆ రోజుకి కనీసం నూట పదహారు ఉండి ఉంటాయి.

మళ్లీ చేసింది. "రత్నమ్మగారూ, దాని చిరునామా అంకె నాకు నోటికొచ్చు, చెబుతా, రాసుకోండి, నూట తొంభై..." ఇంకో సొరంగం.

తొమ్మిదీ పదమూడు. పరిశీలకుడు గడియారం చూసి నా సుత్తి వైపు చూశాడు. నేను సుత్తిని వీపు వెనక దాచుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి.

మూడోసారి లైను కలిసింది. పైడిరత్నమ్మ అతన్ని మాట్లాడనివ్వలేదు. "అంకె నా కార్డు మీద ఉంది. పేరు ఉంది. గది ఉంది. పాస్‌వర్డు ఒక్కటి చెప్పండి."

"అందరి ముందా?"

"అందరి ముందే. రేపు మార్చుకుందురుగాని."

"మా అమ్మాయి పేరు, హిమజ. ఆ వెంటనే అది పుట్టిన ఏడు, రెండు వేల..." రైలు మళ్లీ చీకట్లోకి పోయింది.

"తొమ్మిది" అన్నాను నేను. "రెండు వేల తొమ్మిది. ఆ పిల్ల బారసాల రోజున నాలుగు పీరియడ్ల గంటలు కొట్టి, లడ్డూలు ఏడు తిన్నాను."

ఆమె కొట్టింది. సాఫ్ట్‌వేర్ తలుపు తీసింది. అప్పుడు ఆమె చేసిన పని చూసి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. నేనైతే వెంటనే ప్రశ్నపత్రం పంపేసేవాణ్ణి. ఆమె మొదట పాత వరుసలో గది పేరు కొట్టేసి 'లైబ్రరీ' అని దిద్దింది. తర్వాత కొత్త వరుస తెరిచి, కార్డు చూస్తూ పేరు, గది, అంకె ఒక్కొక్కటే ఎక్కించింది. ఎక్కించినవాటిని మళ్లీ ఒకసారి వేలు పెట్టి చదువుకుంది.

"తొందరగా కానీమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఇంకోసారి శ్రీరామ సార్" అంది ఆమె.

ఈసారి శ్రీరామ మా ఎదురుగానే వచ్చింది. ఆ వెనకే ప్రశ్నపత్రాలు రావడం మొదలయ్యాయి. వరద గేట్లు ఎత్తినట్టు వచ్చాయి. వాటి గాలికి పరిశీలకుడి జుట్టు లేచి నిలబడింది. తొమ్మిదీ ఇరవై ఏడుకి రెండు వందల నలభయ్యోది పడింది. తొమ్మిదిన్నరకి నేను గంట కొట్టాను. అది ఎలాంటి గంట అంటే, అరకు రైల్లో ఉన్న సూరిబాబుకి సొరంగంలో వినిపించింది. తనే చెప్పాడు.

మూడో రోజు సూరిబాబు కాలేజీకి వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. లైబ్రరీలో వచ్చిన శ్రీరామ కాగితాన్ని చూపించి, "ఇది ప్రశ్నపత్రం అయ్యుండేది సూరీ" అన్నారు. అంతే.

సూరిబాబు పెద్ద పనివాడని ఎందుకంటానో వినండి. చిన్నవాడైతే సాకులు చెప్పేవాడు. అతను నేరుగా పైడిరత్నమ్మ బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మొన్న నా బుర్ర సొరంగంలో ఉంది రత్నమ్మగారూ. మీ కార్డులు బల్ల మీద ఉన్నాయి" అన్నాడు. "పదండి, గదులు తిరుగుదాం."

"టీ తాగి పదండి. ఇరవై ఆరు గదులు" అంది ఆమె.

"లిస్టులో ఇరవై ఎనిమిది వరుసలున్నాయి కదా?"

"మూడు ఎప్పుడో పాత ఇనుములో కలిశాయి. వాటికి సెలవిచ్చేద్దాం. నేను లైబ్రరీలో ఉండగా అక్కడి ఆఫీసుకి వచ్చిన చిన్న ప్రింటరు ఒకటి మీ లిస్టుకి ఎక్కనే లేదు. మీ బుర్రలో ఉందేమో చూసుకోండి."

సూరిబాబు నుదురు తట్టుకోబోయి, చెయ్యి దించేసుకున్నాడు.

మూడు రోజులు ఇద్దరూ తిరిగి, ప్రతి ప్రింటరు ముందూ నిలబడి, చూసి దిద్దారు. పాస్‌వర్డు ఇద్దరి దగ్గరా ఉంచారు. వరుస దిద్దకుండా ఒక్క ప్రింటరు కూడా గుమ్మం దాటకూడదని నియమం పెట్టారు. మరుసటి దసరాకి ఆయుధపూజలో మొదటి కుంకుమబొట్టు ప్రింటర్లకి పెట్టలేదు. పైడిరత్నమ్మ కార్డుల పెట్టెకి పెట్టారు. పెట్టింది సూరిబాబే.

కాబట్టి పిల్లలూ, నీతి ఇది: తలలో దాచుకున్న వివరం మనిషితోపాటే రైలెక్కి వెళ్లిపోతుంది, రాసిపెట్టింది పదిమందికీ అందుతుంది, వస్తువు చోటు మారిన రోజునే దాని రాతనీ మార్చాలి.

ఎత్తిన చెయ్యి ఇంకా ఎవరిదైనా దిగకపోతే, శ్రీరామ కాగితం మొదట పట్టుకున్న ఆ కుర్రవాణ్ణి అడగండి. ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. ఆ కాగితాన్ని ప్రిన్సిపాల్ గారి దగ్గర అడిగి తెచ్చుకుని, ఫ్రేము కట్టించి తన బల్ల మీద పెట్టుకున్నాడు. పేరు గేదెల త్రినాథ్.