నాలుగో గిన్నె

ఎవరైనా సందేహం అడిగితే నరసాంబగారికి జవాబు చెప్పే అలవాటు లేదు, పని చెప్పే అలవాటుంది. కంప్యూటరుకీ యంత్రాలకీ మధ్య దుబాసీల్లా పనిచేసే డ్రైవర్లను రాయడం ఆవిడ ముప్పయ్యేళ్లుగా నేర్పుతున్నారు. ఆ ముప్పయ్యేళ్లలో అన్నీ కలిపి ముప్పై మాటలు మాట్లాడి ఉంటారేమో.

శిష్యుడు గవర్రాజు బస్సు టికెట్ల యంత్రానికి డ్రైవరు రాశాడు. పరీక్షించే హమీదా బేగం దాన్ని వెయ్యిసార్లు తిప్పికొట్టింది. ఇంకొక్కసారి తిరిగొచ్చిందా, పని వేరేవాళ్లకి పోతుంది, వీడు మళ్లీ మొదటి పాఠంలో కూర్చోవాలి.

"అమ్మా, యంత్రం జవాబును కంప్యూటరుకి పంపే పెట్టెలో నాలుగు గదులు. మూడింట్లో నేను విలువలు రాస్తున్నాను. నాలుగోది ఎవడిక్కావాలి? దాన్ని కూడా ముందు సున్నాలతో నింపమంటుందేమిటి హమీదా మేడమ్?"

"ఆవిడకి భోజనం పంపావా?" అన్నారు నరసాంబగారు.

ఎవరి డ్రైవరు పరీక్షలో ఉంటే వాళ్లే హమీదాకి క్యాంటీను భోజనం పంపడం అక్కడి ఆచారం. అందరికీ కలిపి క్యారియరు ఒకటే. వాడుకుని పెట్టేసినవాడు కడగడు, తర్వాత తీసుకున్నవాడే కడుక్కోవాలి. గవర్రాజు పై మూడు గిన్నెలూ సూర్యుడు సిగ్గుపడేలా తోమి అన్నం, పప్పు, గోంగూర పచ్చడి పెట్టాడు. అడుగు గిన్నెతో పనిలేదుగా అని తొంగి కూడా చూడకుండా, అన్నీ కలిపి బిగించి పైఅంతస్తుకి పంపేశాడు.

అరగంటకి హమీదా దిగివచ్చింది. ఆవిడ అడుగులకి మేడ మేడంతా ఊగింది. చేతిలో అడుగు గిన్నె, గిన్నెలో మడిచిన కాగితం. మొన్న గవర్రాజు ఆవిడ మీద పైవాళ్లకి రాసి, పంపే ధైర్యం చాలక, ఎవరి కంటా పడకుండా అందులో దాచి మరిచిపోయిన ఫిర్యాదు!

"'ఈవిడ కళ్లజోడు తుడుచుకుంటే సగం తప్పులు మాయమవుతాయి' అట," చదివింది హమీదా. "పప్పులో ఉప్పు తక్కువైంది గవర్రాజూ. ఈ గిన్నెలో కారం మాత్రం బాగా కుదిరింది."

గవర్రాజు ముఖంలోని నెత్తురు పాదాలకి జారి, అక్కణ్ణించి కింది అంతస్తుకి పోయింది. "అది నేను పంపలేదు మేడమ్! నేను నింపింది మూడే!"

"నాకు వచ్చినవి నాలుగు బాబూ."

వాడు కుర్చీ లాక్కుని, డ్రైవరులో విలువలు రాయడానికి ముందే, పాతదేదీ మిగలకుండా పెట్టె మొత్తాన్ని సున్నాలతో నింపే వాక్యం చేర్చాడు. హమీదా కళ్లజోడు తీరిగ్గా తుడుచుకుని, అక్కడే పరీక్షించి డ్రైవరును ఒప్పుకుంది. కాగితం మాత్రం తిరిగివ్వలేదు.

ఆవిడ వెళ్లాక గవర్రాజు నరసాంబగారి వైపు తిరిగాడు. "అమ్మా, అందులో అది ఉందని మీకు ముందే తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది నాయనా?" అన్నారు నరసాంబగారు. "దాచిన నీకే తెలియలేదు."