చంటికొండను కదపనివ్వని మసేనమ్మ

అనగనగనగా, సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఊరి వెనక మూడు నిప్పుకొండలు. పెద్దకొండ పొగలు కక్కేది. నడిమికొండ అప్పుడప్పుడూ గుర్రు పెట్టేది. చంటికొండ చల్లారిపోయి ఎన్నేళ్లయిందో! ఊ కొడుతున్నావా? కొట్టు మరి.

వెనకటికి ఆ కొండలు కక్కిన నిప్పు వాగులా పారి, సముద్రంలో పడి నల్లరాయైపోయింది. ఆ రాళ్లు నీళ్లకింద కోరల్లా ఉంటాయి. వాటి మధ్య పడవ పట్టేంత దారి ఒక్కటే. చంటికొండ సరిగ్గా నడిమికొండ భుజం మీదికి వచ్చినట్టు కనబడాలి. అప్పుడు పడవ ముక్కు ఒడ్డుకి తిప్పాలి. ఆ ఊళ్లో మసేనమ్మ అని ఒకావిడ. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఎల్లాజీ రోజూ చేపలవేటకి వెళ్లి, ఆ గుర్తుతోనే ఇల్లు చేరేవాడు.

అప్పుడు రాజుగారి దివానుకి కోటగోడ కట్టడానికి నల్లరాయి కావాల్సొచ్చింది. పెద్దకొండ జోలికెళ్తే ఒళ్లు కాలుతుంది కదా, అందుకని చంటికొండ మీద కన్నేశాడు మహానుభావుడు.

ఊరంతా మసేనమ్మ మాటే వింటుందని తెలిసి, అడ్డం చెప్పకుండా ఉండేందుకు మొదట ఆవిడకి పట్టుచీర పంపాడు. ఆవిడ దానికేసి చూడనైనా లేదు. ఆ తర్వాత భటులొచ్చి, ఊరు ఖాళీ చేయిస్తామన్నారు. "నిప్పుకొండ కింద కాపరం సేసేవోళ్లం, మీ కేకలకి బెదురుతామేటి?" అని తలుపేసుకుంది. మూడోసారి కూలీలకి గునపాలిచ్చి, వెంటబెట్టుకుని దివానే వచ్చాడు. మసేనమ్మ వెళ్లి కొండకి అడ్డంగా నిలబడింది. జరగమన్నా జరగలేదు.

"ఒట్టి రాళ్లగుట్టకి ఇంత పంతమా?" అన్నాడు దివాను.

"ఓసారి పడవెక్కు బావూ. తిరిగొచ్చినాక కూడా తవ్వాలనిపిస్తే, ముందు నా మీదే గునపం ఎయ్యి."

అందరూ చూస్తున్నారని బింకానికి పోయి ఎక్కాడు. రాళ్లు దాటి సముద్రంలోకి వెళ్లాక, మసేనమ్మ దారి గుర్తు నేర్పి, చుక్కాని అతని చేతికిచ్చింది. ఆ తర్వాత చంటికొండ కనబడకుండా అతని కళ్లకెదురుగా అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు ఒడ్డుకి పోనియ్యి," అంది.

కుడికి తిప్పాడు, అడుగున రాయి గీసుకుంది. ఎడమకి తిప్పాడు, పడవ పలక చిట్లింది. ఎదరకి పోనిచ్చాడు, అలలోంచి నల్లకోర పైకి లేచింది.

"చెయ్యి తియ్యవమ్మా! తియ్యి!" అని కెవ్వున అరిచాడు.

తీసింది. "ఇది నా చెయ్యి గనక తీసేను. కొండనే తీసేసినాక, నా కొడుకు ఎవుర్ని అడగాల బావూ?"

దివాను చంటికొండ గుర్తు చూసుకుంటూ పడవని ఒడ్డుకి తిప్పాడు. ఒడ్డు చేరగానే తలొంచుకుని వెళ్లిపోతుంటే, మసేనమ్మ ఊరుకుందా?

"ఆ గునపాలు ఇక్కడెట్టి పో!" అంది.

ఆ ఊరి పడవలకి ఇప్పటికీ ఆ గునపాలే లంగర్లు.

గునపమేమో నీటికి, కొండేమో తన చోటికి,
కథేమో కంచికి, మనమేమో మంచానికి!