మునగని గిన్నె

పూర్వం ఒక రాజు కోట కట్టిస్తున్న రోజుల్లో, కూలీల పనివేళను నీటిగిన్నెతో కొలిచేవారు. అడుగున సన్నని చిల్లి ఉన్న రాగిగిన్నెను తొట్టిలో వదిలితే, అది నిండి మునిగినప్పుడు గంట కొట్టేవారు. అప్పుడే కూలీలకు విరామం. పని తొందరగా సాగాలని అధికారి సింగరాజు ఆ చిల్లిని మైనంతో సగం పూడ్చాడు. ఎవరికీ తెలియదనుకున్నాడు.

రాళ్లు మోసే ఎల్లక్క తన చంటిబిడ్డను బండి నీడలో పడుకోబెట్టేది. ఒకప్పుడు బిడ్డ ఆకలికి లేచే వేళకే గంట మోగేది. ఈమధ్య వాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినా మోగడం లేదు.

రాజు చూడవచ్చిన రోజున సింగరాజు, "వీళ్లు ఒళ్లు వంచరు ప్రభూ. గిన్నె మునిగేదాకా మోయడం నాకైతే ఆట" అన్నాడు.

"అయితే నా గంప మోయండి దొరా. గిన్నె మునిగాక ఇక నోరెత్తను" అంది ఎల్లక్క.

రాజు నవ్వి సరేనన్నాడు. సింగరాజు గంప ఎత్తుకున్నాడు. కాసేపటికి మెడ లాగింది. గిన్నె మాత్రం తేలుతూనే ఉంది. ఎందుకు మునగదో తెలిసినా చెప్పుకోలేడు. బండి కింద బిడ్డ ఏడుపు మొదలైంది. ఇన్నాళ్లూ అది అతని చెవిన పడనే లేదు.

"ఈ గిన్నె ఇంత నిదానమేమిటి?" అన్నాడు రాజు.

"అయ్యగారికే తెలియాలి మహారాజా" అంది ఎల్లక్క.

సింగరాజు గంప దించి, అందరూ చూస్తుండగా గిన్నె తీసి, గోటితో మైనం గీకి మళ్లీ వదిలాడు. మునిగాక తానే గంట కొట్టాడు.

"మునిగింది కదా దొరా, ఇక నోరెత్తను" అంటూ ఎల్లక్క బిడ్డ దగ్గరికి పరుగెత్తింది.

ఆమె నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడు సింగరాజు.