చప్పిడమ్మకు ఉప్పులేని పొంగలి

చవుటపల్లెలో బస్సు దిగి గుట్టవారగా పావుగంట నడిస్తే చప్పిడమ్మ గుడి వస్తుంది. గోపురం లేదు, మండపం లేదు. నాలుగు రాతి స్తంభాల మీద బండల కప్పు, లోపల నడుమెత్తు నల్లరాయి. ఆ రాయే అమ్మ. చుట్టూ తెల్లగా పొంగిన చవుడు నేల. మొదటిసారి వచ్చిన భక్తులు ప్రసాదం నోట్లో పెట్టుకొని పూజారి ముఖంలోకి చూస్తారు. "మరిచిపోలేదు స్వామీ, ఇక్కడ ఇంతే" అని ఆయన నవ్వుతాడు. ఉప్పు పండే నేల మీద కూర్చున్న తల్లి ఉప్పు ముట్టకపోవడమేమిటని అడగనివారు లేరు. ఆ కథ ఇది.

పూర్వం ఇక్కడ అమ్మ పేరు చవుటమ్మ. ఈ ఊరు బొంతలకోట సంస్థానంలో ఉండేది. చుట్టూ తెల్లదొరల జిల్లాలు, నడుమ అరచేయంత రాజ్యం. ఊళ్లోని ఉప్పరవాళ్లు చవుడు మన్ను గీకి, నీళ్లలో కలిపి వడగట్టి, ఆ నీళ్లను మళ్లలో ఎండబెట్టి ఉప్పు తీసేవారు. ఏటా జాతరనాడు కొత్త ఉప్పు మొదటి గుప్పెడు అమ్మ పొంగలిలో పడాలి. ఆ పొంగలి వండే హక్కు ఓబుళక్క ఇంటిది. అత్త లింగమ్మకు చూపు మందగించాక గరిటె ఓబుళక్క చేతికి వచ్చింది. ఆమె మూతికి గుడ్డ కట్టుకొని వండేది. రుచి చూడటం మాట దేవుడెరుగు, అమ్మకంటే ముందు ఆ వాసన కూడా ఎవరికీ తగలకూడదు. అయినా ఓబుళక్క చేతి కొలత ఒక్కనాడూ తప్పలేదని ఊరంతా చెప్పుకునేది. ఆమెకు ఆ సంగతి బాగానే తెలుసు, కాస్త గర్వం కూడాను.

ఒక ఏడు సంక్రాంతి వెళ్లిన నెలకు ఊళ్లో దండోరా వేశారు. రాజా ఎర్రమ నాయనివారికీ దొరలకూ ఒప్పందం కుదిరిందట. గద్దె, ఏనుగు, బిరుదులు రాజావారివే. సరిహద్దు సుంకపు చౌకీలు, ఉప్పు, నేరాల విచారణ, చివరికి క్షమాభిక్ష పెట్టే అధికారం కూడా దొరలవి! ఇకమీదట మట్టిలోంచి ఉప్పు తీసినవారికి ఆరు నెలల ఖైదు. కావలసినవాళ్లు దొరల కొఠారులో ముద్ర వేసిన సముద్రపు ఉప్పు కొనుక్కోవాలి. మర్నాడే జవాన్లు వచ్చి, తాతముత్తాతలు కట్టిన మళ్లను ఎద్దులతో తొక్కించేశారు. ఓబుళక్క గట్టు మీద నిలబడి నోరు తెరుచుకొని చూసింది. ఆమెకు ఏడవడం కూడా తోచలేదు.

అయితే చట్టం మనుషులకు గానీ అమ్మకెట్లా వర్తిస్తుందని ఆమె అనుకుంది. ఊరూ అట్లాగే అనుకుంది. ఇంటిల్లిపాదికీ చప్పిడి కూడే పెట్టింది గానీ, జాతరకు రెండు రోజుల ముందు గుడి వెనక మన్ను గీకి, చిన్న కుండలో కాచి, అమ్మకని గుప్పెడంటే గుప్పెడు ఉప్పు తీసింది.

జాతరనాడు రాజావారు ఏనుగు మీద వచ్చారు. వారి వెంట, ఎన్నడూ లేనిది, సుంకపు ఇన్స్పెక్టరు భూషణరావు ఇద్దరు జవాన్లతో దిగాడు. పొంగలి కుండ అమ్మ ముందు దింపబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మట్టి ఉప్పయితే చేదు తగులుతుంది. తిని చూడరా" అని ఒక జవానుకు చెప్పాడు.

శివశివా! అమ్మకు పెట్టకముందే ఎంగిలి చెయ్యడమా! డప్పులు వాటంతటవే ఆగిపోయాయి. జనమంతా రాజావారి వైపు తిరిగారు. ఓబుళక్క కుండ వదలకుండానే, "మహాప్రభూ, మీరన్నా ఒక మాట చెప్పండి" అని వేడుకుంది.

రాజావారు నేల చూశారు. "సంతకం పెట్టినాను ఓబుళక్కా. నా చేతిలో ఏమీ లేదు" అన్నారు.

ఏనుగు మీద కూర్చున్న రాజు నోట ఆ మాట వినవలసి వస్తుందని ఎవరు అనుకున్నారు? ఓబుళక్క చేతులు వాటంతటవే సడలాయి. జవాను లెంపలేసుకొని ఇంత ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మళ్లీ తీసుకున్నాడు.

"చప్పిడి అయ్యా! ఇందులో ఉప్పే లేదు."

భూషణరావు తానూ తిని చూశాడు. నిజమే, ఉప్పురాయి కూడా లేదు. పుస్తకం మూసి వెనక్కు తిరిగాడు. గండం గడిచిందని రాజావారు ఊపిరి పీల్చుకున్నారు. అంతలో గుంపులోంచి లింగమ్మ గొంతు లేచింది.

"ఏమ్మే ఓబుళీ! ఏడాదికొక్కనాడు తినే తల్లికి చప్పిడి కూడు వండినావా? మా ఇంటి పరువు తీసినావు గదే!"

ఓబుళక్క కడుపు మండిపోయింది. "చప్పిడా? ఈ చేత్తోనే గుప్పెడు ఏసినా అత్తా! మొన్న నేను కాచిన ఉప్పే, అమ్మతోడు!"

అనేసింది. అన్నాక గానీ ఏమన్నదో ఆమెకే తెలియలేదు. లింగమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. భూషణరావు ఆగి, మళ్లీ పుస్తకం తెరిచాడు.

రాజావారు ఏనుగు దిగి గబగబా వచ్చారు. "ఎయ్యాలనుకొని మరిచినావేమో ఓబుళక్కా. బాగా గుర్తు తెచ్చుకో" అన్నారు. "ఔనే, మరిచింటావు, మరిచినానని చెప్పవే" అని లింగమ్మ ఏడుపు గొంతుతో బతిమాలింది. ఒక్క మాట కాదంటే చాలు, ఇంటికి పోవచ్చు.

ఓబుళక్క అమ్మ వైపు చూసింది. పొద్దున కడిగి పసుపు పూసిన నల్లరాయికి నోరుండే చోట తెల్లగా ఉప్పు పేరుకొని ఉంది.

"అమ్మ ముందే తినేసింది అత్తా! ఈ జవాను తిన్నది ప్రసాదమే, ఎంగిలి గాదు!" అని పెద్దగా అరిచింది. తర్వాత రాజావారికి చేతులు జోడించింది. "ఏసినా మహాప్రభూ. తిన్న తల్లి ఎదురుగా నిలబడి, పెట్టలేదని ఎట్ల చెప్పేది?"

జనం సాష్టాంగపడ్డారు. భూషణరావు మాత్రం రాసుకుంటూనే ఉన్నాడు. దొరల చట్టంలో రాతి మీది ఉప్పు లెక్కకు రాదు, ఆమె నోటి మాట చాలు. ఆ మధ్యాహ్నమే ఆమెను సరిహద్దు దాటించి జిల్లా జైలుకు తీసుకుపోయారు. రాజావారు ఏనుగెక్కలేదు. చెప్పులు కూడా లేకుండా కోటకు నడిచి వెళ్లారు.

జాతర కాకపోయినా ఆ ఆరు నెలలూ లింగమ్మ మంగళవారం మంగళవారం తడుముకుంటూ తానే పొంగలి వండి పెట్టింది. "నా నోటిదూలకు నా కోడలు జైలు కూడు తింటోంది, ఇంక నేను ఏ మొగం పెట్టుకొని ఉప్పేసేది తల్లీ?" అని ఏడ్చేది. ఓబుళక్క తిరిగివచ్చాక ఎవరో ముద్ర ఉప్పు తెచ్చి ఇచ్చారు. ఆమె తీసుకోలేదు. కావలసినప్పుడు అమ్మే తీసుకుంటుందిలే అని, అత్త వండినట్టే చప్పిడిగా వండింది. అప్పటినుంచి చవుటమ్మ చప్పిడమ్మ అయింది.

నేడు ఆ ఒప్పందం లేదు, దొరలు లేరు, సంస్థానమూ లేదు. పొంగలి వండేది మాత్రం ఓబుళక్క వంశంవారే. కోర్టులో సాక్ష్యం చెప్పవలసినవారు వాయిదాకు ముందు మంగళవారం ఇక్కడికి రావడం ఆచారం. వ్యాజ్యం గెలిపిస్తానని అమ్మ ఎవరికీ మాట ఇవ్వలేదు. ఈ ప్రసాదం తిని బోనెక్కినవారికి గొంతు వణకదనీ, అబద్ధం నోట రాదనీ భక్తుల విశ్వాసం. అందుకే వచ్చినవారిలో సగంమంది దండం పెట్టుకొని, పొంగలి తినకుండానే వెళ్లిపోతారు.