మోతీకి మొదటి గరిటె

దర్గా వంట తన చేతికొచ్చాక దస్తగిరి ఒక్క తప్పూ చేయలేదు. కనీసం అతని నమ్మకం అది. అయినా కుక్క చచ్చిపోయేలా ఉంది.

కొండమీది ఆ దర్గాలో ఒక నియమం ఉంది. మొదటి పీరు, అంటే ఆ దర్గా తొలి గురువు, పెట్టాడంటారు. గడప ముందుకొచ్చిన ప్రాణి ఏదైనా సరే, అందరికీ ఒకే కుండలోంచి వడ్డించాలి. పెద్ద రైతుకైనా, బిచ్చగాడికైనా పప్పుతో వండే అదే దాల్చా. ఎవరికోసమూ ఇంకో కూర పొయ్యెక్కకూడదు.

వంట చేసే ఇమాంబి అవ్వ ఆ వేసవిలో కన్నుమూసింది. గురువు అమీన్ షా బాబా గరిటెను శిష్యుడు దస్తగిరి చేతిలో పెట్టి, దూరపు ఊళ్లో జరిగే ఉరుసు ఉత్సవానికి వెళ్లారు. అవ్వ వండినన్నాళ్లూ దస్తగిరి బయట వడ్డనలోనే ఉండేవాడు. పొయ్యి దగ్గర ఆమె ఏం చేసేదో చూసింది లేదు.

కానీ నియమాన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటించాడు. మోతీ అనే దర్గా కుక్కకు కూడా మనుషులకు పెట్టినట్టే విస్తరి వేశాడు. ఉల్లిపాయలు, వెల్లుల్లి, ఉప్పు, కారం అన్నీ పడ్డ దాల్చాను అన్నంలో కలిపి పెట్టాడు. చూసినవాళ్లు మెచ్చుకుంటే, "ప్రాణులన్నీ ఒకటే కదా!" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఛాతీ కాస్త ముందుకొచ్చేది.

ఆ కొండకు మెట్లు లేవు. కొత్తవాళ్లు వస్తే మోతీయే దారి. ముందు నడిచి, ఆగి, వెనక్కి తిరిగి చూసి, మళ్లీ నడిచేది. అలాంటిది ఇప్పుడు లోపల ఒక మూల పడుకుని తల కూడా ఎత్తడం లేదు.

బాబా తిరిగొచ్చిన పొద్దున మోతీ ఆయనకు ఎదురు వెళ్లలేకపోయింది.

"మోతీ ఏదిరా?" అన్నారు గడప ఎక్కుతూనే.

దస్తగిరి వేలితో చూపించి ఏడ్చేశాడు. "ఉచ్చ ఎర్రగా పోస్తాంది బాబా. ఒంట్లో సత్తువ లేదు."

బాబా కుక్క పెదవి పైకెత్తి చూశారు. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఏం పెట్టినావు?"

"అందరికీ పెట్టిందే. కుండ మార్చలేదు."

"ఉల్లిపాయలతోనే?"

"అందరికీ వేసినట్టే బాబా."

"అవి దీని రక్తాన్ని విరిచేస్తాయి నాయనా. వెల్లుల్లీ అంతే."

దస్తగిరి మొహంలో నెత్తురు చుక్క లేదు. మోతీ తల నిమిరాడు. "అయితే దీనికి వేరే కుండ పెట్టల్లా? మొదటి పీరు మాట నిలబెడితే కుక్క పోతాది. కుక్కను నిలబెడితే మాట పోతాది. ఏది వదలమంటారు?"

బాబా లేచి చేతులు కడుక్కుని వంటశాలలోకి నడిచారు.

గుమ్మడికాయ తెమ్మన్నారు. చెక్కు తీసి, గింజలు గోకి, పచ్చి ముక్క ఒకటి కొరికి చూశారు. చేదు లేదు. ముక్కల్ని పప్పుతో పాటు ఆ ఒక్క కుండలోనే ఉడకబెట్టారు. పప్పు మెత్తబడగానే దస్తగిరి అలవాటు కొద్దీ వేయించిన ఉల్లిపాయల పళ్లెం ఎత్తాడు. బాబా అతని చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు. ఆ రాయి కడుక్కురా."

పొయ్యి పక్కన గుంట పడిన నల్లరాయి ఒకటి ఉంది. అవ్వ పాత రోలేమో అనుకుని దస్తగిరి అందులో వెల్లుల్లి రెబ్బలు పోసి ఉంచాడు. వాటిని పారబోసి, రాయిని తోమి తెచ్చాడు.

బాబా కుండలోంచి మొదటి గరిటె అందులో వేశారు. గుమ్మడి ముక్కలు వేళ్లతో మెదిపి, పిడికెడు అన్నం కలిపి, ఊది ఊది చల్లార్చి మోతీ ముందు పెట్టారు. అది మొహం తిప్పుకుంది.

బయట జనం ఆకలితో వరుసలో ఉన్నారు. బాబా నేలమీద కూర్చుని మెతుకులు అంటిన వేళ్లు దాని నోటి దగ్గర చాపారు. ఆ ముసలి చెయ్యి వెనక్కి రాలేదు. తొంగిచూసిన వాళ్లెవరూ అన్నం సంగతి ఎత్తలేదు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒక తల్లి చేతులు జోడించింది. ఆఖరికి మోతీ ఒక వేలు నాకింది. తర్వాత రాయిని నాకింది.

"ఇప్పుడు వెయ్యి," అన్నారు బాబా.

ఉల్లిపాయలు, ఉప్పు, కారం కుండలో పడ్డాయి. అందరూ తిన్నారు. ఇంకో కుండ పొయ్యెక్కలేదు.

కొన్నాళ్లకు మోతీ చిగుళ్లకు రంగొచ్చింది. ఒక పొద్దున ఎవరో కొత్తవాళ్లను వెంటబెట్టుకుని కొండెక్కి వచ్చింది కూడా. దస్తగిరి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ రోజు అది తిన్నాక రాయి కడుగుతూ అరచేత్తో గుంటను తడిమాడు. రోకలి పోటు పడిన గరుకు ఎక్కడా లేదు. నున్నగా, ఒకవైపుకి వాలి ఉంది. సరిగ్గా మోతీ నాలుక ఆడే వైపుకి.

"బాబా, ఈ గుంట ఎవరు తొలిచినారు?"

బాబా గడ్డంతో మోతీని చూపించారు.

"దీని తల్లి. దాని తల్లి. ఆ పైన నాకూ తెలీదు నాయనా."

దస్తగిరికి ఆ రాయిని నేలమీద పెట్టబుద్ధి కాలేదు. తడి ఆరేదాకా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.