ఒకక్షరం అచ్చుతప్పు

మీ బతుకును మార్చే సర్కారు కాగితం ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా చదివారా? చదివితే ఏం చూశారో చెప్పండి. ముద్ర చూశాం, సంతకం చూశాం అని తప్పించుకోకండి. అవి దూరం నుంచి కూడా కనిపిస్తాయి. మైలపల్లి పోలమ్మ ఆ రెంటి మధ్యలో ఉన్నది చూసింది. చూసి, ఇంకా తేరుకోలేదు.

పోలమ్మ చేపలమ్ముకునే మనిషి, తెప్పల సంఘానికి కార్యదర్శి. ఆమెకు అర్జీ రాయడం నేర్పిన గురువు వాసుపల్లి దానయ్య, ఒడ్డు వేట కోసం కొట్లాడి రెండుసార్లు జైలుకెళ్లొచ్చిన ముసలాయన. తీరానికి ఐదు మైళ్ల లోపల మరపడవలు వేటాడకూడదన్న నిబంధన ఆ కొట్లాటల వల్లే వచ్చింది. ఇప్పుడు ఆ ఐదును రెండుకు కుదిస్తూ ముసాయిదా తయారైంది. అదే జరిగితే మరపడవ లాగే పెద్దవల తగిలి పోలమ్మ పెనిమిటి వల పీలికలవుతుంది. ఇంట్లో పొయ్యి వెలగదు.

దానయ్య ఇసుకలో కూర్చుని వల బాగుచేస్తుంటే పోలమ్మ అడిగింది: “తాతా, మరపడవల ఆసాములకీ సంఘముంది, మనకీ సంఘముంది. ఆళ్లూ మంత్రి కాడికెల్తారు, మనమూ ఎల్తాం. ఎవుడి గోడు ఆడు సెప్పుకోపోతే సర్కారుకెలా తెలుస్తాది? మరి ఆళ్లెల్తే నువ్వెందుకు పళ్లు నూరతావు?”

దానయ్య వల దారం పంటితో కొరికి తెంపాడు. “లచ్చివారం కలెక్టరు కచేరీలో అభ్యంతరాలు ఇంటారంట. ఎల్లు. అర్జీ ఇచ్చేసి దండమెట్టి వచ్చేయకు. ఆళ్ల కాగితం మొత్తం పైకి సదవమను.”

“సదివితే ఏటవుద్ది?”

“నాకేటి తెలుసు? నాకు సెవుడు. నువ్విని సెప్పు.”

కచేరీ హాల్లో ముందు వరుస కుర్చీల్లో మరపడవల ఆసాములు టీలు తాగుతున్నారు. తెప్పలవాళ్లు గోడవారగా నిలబడ్డారు. ముసాయిదా చదవాలని పోలమ్మ పట్టుబట్టింది. అధికారి విసుక్కున్నాడు. “నెల రోజుల్నుంచి నోటీసు బోర్డులోనే ఉంది కదమ్మా!”

“బోర్డుకి అద్దముంది, అద్దానికి తాళముంది, లోపలి కాగితం మడతెట్టుంది. సదవండి బాబూ.”

గుమాస్తా చదవడం మొదలెట్టాడు. ‘తీరమునుండి రెండు మైళ్లు దాటిన పిదప మా పడవలు నిరాటంకముగా వేటాడవచ్చును.’

“ఎవుల పడవలు?” అంది పోలమ్మ.

గుమాస్తా నాలుక కరుచుకున్నాడు. అధికారి కాగితం లాక్కుని చూసి, “అచ్చుతప్పు. మరపడవలు అని ఉండాలి. ఒకక్షరం జారింది, అంతే,” అన్నాడు. అందరూ నవ్వారు. పోలమ్మకూ నవ్వొచ్చింది. ఒకక్షరమే కదా!

“కిందది కూడా సదవండి.”

ఈసారి గుమాస్తా గొంతు సన్నబడింది. ‘ఈ విషయమై మా సభ్యులు పలుమార్లు విన్నవించుకొనియున్నందున...’ అక్కడ ఆగిపోయాడు.

ఎవరూ నవ్వలేదు. పోలమ్మ తన చేతిలోని అర్జీ వైపు చూసుకుంది. అందులోనూ ‘మా తెప్పలు’, ‘మా సభ్యులు’ అనే ఉంది. అర్జీ అన్నాక అలాగే ఉంటుంది. కానీ గుమాస్తా చేతిలో ఉన్నది అర్జీ కాదు, దాని నెత్తిన సర్కారు ముద్ర ఉంది. అడిగినవాడి కాగితమూ, ఆలోచించి తీర్పు చెప్పాల్సినవాడి కాగితమూ ఒక్కటే! మధ్యలో ఒక్క మనిషి దాన్ని చదవనైనా లేదు. ముందు వరుసలోని ఆసామి సిగ్గుతో తల దించుకుంటాడేమోనని చూసింది. అతను ఇంకో టీ తెమ్మంటున్నాడు.

“ఇది రాసిందెవులు బాబూ?”

“మీ అభ్యంతరం నమోదు చేశాం. వెళ్లి కూర్చోండి,” అన్నాడు అధికారి. కూర్చోవడానికి కుర్చీ లేదు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పోలమ్మ వేలు పెట్టి చదివింది. రెండు మైళ్లు రెండు మైళ్లుగానే ఉన్నాయి. ‘మా’ ఉన్నచోట ‘మర’ వచ్చింది. ‘మా సభ్యులు’ ఉన్నచోట ‘ప్రజలు’ వచ్చారు. ప్రజలు పలుమార్లు విన్నవించుకున్నారట! చివర్న ఇంకో వాక్యం: ‘తెప్పల సంఘమువారి అభ్యంతరమును స్వీకరించి తగు సవరణలు చేయడమైనది.’

అంతదూరం పోయి, గోడవారగా నిలబడి, నోరు నొచ్చేలా అరిచి ఆమె చేసొచ్చింది వాళ్ల కాగితంలో తప్పులు దిద్దడం.

పరుగున వచ్చి ఉత్తర్వు దానయ్య ఒళ్లో పడేసింది. “మన పేరెట్టే మన గొంతు కోసేరు తాతా! ఇంక మనమూ ముందే ఎల్లాల. కాగితం రాసే గదిలో మనోడ్ని కూకోబెట్టాల. ‘మా తెప్పలు’ అని మనమే రాసిచ్చేయాల!”

ముసలాయన ఆ కాగితం మడిచి ఆమె చేతికే ఇచ్చాడు.

“రాయించు. నేనూ నలభయ్యేళ్లు అదే రాశాను. ఆళ్లు ‘మా’ అంటారు, మనం ‘మా’ అంటాం. అనాల, తప్పదు. మరి ‘మన సముద్రం’ అని రాయాల్సిన సెయ్యి ఎవులిదే అమ్మా?”